ఎండోస్కోప్ కడగడం ఎలా: బ్రష్ దగ్గర మొదలై ఆఖరి నీటి చుక్క దాకా

కడిగి తుడిచిన ఎండోస్కోప్‌ను, అంటే రోగి కడుపులోకో పేగుల్లోకో పంపి లోపల చూసే కెమెరా గొట్టాన్ని, ఒకసారి వెలుగులో పెట్టి చూడండి. నల్లగా, నున్నగా, మచ్చ లేకుండా మెరుస్తుంది. పైన పటారం. లోన లొటారమో కాదో మాత్రం కంటికి తెలియదు. రోగి ఒంట్లోంచి వచ్చిన రక్తం, జిగురు, పసరు, మలం అన్నీ ప్రయాణించింది ఆ నున్నటి తొడుగు లోపలున్న గొట్టాల్లోనే కదా. బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క తీయడం) పరికరాలు పోయే ఛానల్ చాలా స్కోపుల్లో 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గాలి, నీళ్లు పోయే ఛానళ్లు ఇంకా సన్నం, 1 మిల్లీమీటరు చుట్టుపక్కల. ఇవి స్కోప్ కొస నుంచి చేతిపిడి గుండా, అక్కణ్నుంచి మెషీన్‌కు తగిలించే కనెక్టర్ దాకా వంపులు తిరుగుతూ పోతాయి. వేడికి తట్టుకోవు కాబట్టి వేడి ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టలేం. అందుకే ఇంత తతంగం.

ఎండోస్కోపీ యూనిట్లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటిరోజే ఒక లెక్క చెబుతాను. వాడిన స్కోప్‌లో లక్ష నుంచి వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. చేత్తో బాగా కడిగితే ఆ సంఖ్య పది వేల వంతుకో, ఇంకా బాగా కడిగితే పది లక్షల వంతుకో పడిపోతుంది. ఆ తర్వాత చేసే హై లెవెల్ డిసిన్ఫెక్షన్, అంటే క్రిములను చంపే మందులో ముంచడం, మిగిలినదాన్ని ఇంకో పది లక్షల వంతుకు దించుతుందనుకోండి. వెయ్యి కోట్లతో మొదలై చక్కగా కడిగితే పది వేలు మిగులుతాయి, మందులో ముంచాక ఏమీ మిగలవు, పైగా కొంత వెసులుబాటు ఉంటుంది. అదే కడగడం నాసిగా జరిగితే పది లక్షలు మిగులుతాయి, మందు తన పని పూర్తిగా చేసినా ఒక్కటి బతికి బయటపడుతుంది. ఆ ఒక్కటి తడి గొట్టంలో రాత్రంతా ఉంటే ఏమవుతుందో ఆరబెట్టే దగ్గర చెబుతాను.

కాబట్టి మందుదీ కడిగే మెషీన్‌దీ రెండో స్థానమే. రోగిని కాపాడేది ముందు బ్రష్, చివర్లో గాలి. చాలా యూనిట్లలో కుదించేసేది సరిగ్గా ఆ రెండింటినే.

మొదలుపెట్టే ముందు

మీ స్కోప్ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన పుస్తకం గోడకో, సింక్ పక్కనో అందుబాటులో ఉండాలి. బీరువాలో తాళం వేసి కాదు. ఒకే కంపెనీ స్కోపుల్లో కూడా ఛానళ్ల అమరిక వేరుగా ఉంటుంది. కింద నేను చెప్పేది అన్నింటికీ పనికొచ్చే క్రమం. నిమిషాలు, సిరంజి కొలతలు, అడాప్టర్ల విషయంలో ఆ పుస్తకం మాటే చెల్లుతుంది.

గదిలో మురికి వైపు, శుభ్రమైన వైపు వేరుగా ఉండాలి. స్కోప్ ఒక దిక్కుగానే కదలాలి, వెనక్కి రాకూడదు. వాటర్‌ప్రూఫ్ గౌను, పొడుగు గ్లవ్స్, మాస్క్, మొహానికి షీల్డ్ వేసుకోండి. మురికి వైపు వాడిన గ్లవ్స్‌తో డిసిన్ఫెక్ట్ అయిన స్కోప్‌ను ముట్టుకున్నారంటే మొదటికొచ్చినట్టే.

మంచం పక్కనే, ఆ నిమిషంలోనే

డాక్టర్ స్కోప్ బయటికి తీయగానే, అది ఇంకా లైట్ సోర్స్‌కు తగిలించి ఉండగానే పని మొదలవుతుంది. డిటర్జెంట్ ద్రావణంలో తడిపిన, పోగులు రాలని గుడ్డతో చేతిపిడి దగ్గర్నుంచి కొస దాకా ఒకే దిశలో తుడవండి. గుడ్డ పారేయండి. కొసను ద్రావణంలో ముంచి, సక్షన్ (పీల్చే బటన్) నొక్కి, గొట్టంలోంచి వచ్చేది తేటగా మారేదాకా లాగండి. మధ్యమధ్యలో కొసను పైకెత్తి గాలి కూడా లాగితే లోపలి జిగురు కదులుతుంది. గాలి-నీళ్ల ఛానల్‌కు ప్రత్యేకంగా ఇచ్చే క్లీనింగ్ వాల్వ్ తగిలించి, పుస్తకంలో చెప్పినంతసేపు నీళ్లు, తర్వాత గాలి పంపండి.

ఈ చివరి పనిని "తర్వాత సింక్‌లో చేద్దాంలే" అని వదిలేసేవాళ్లు ఎక్కువ. అక్కడే పొరపాటు. గాలి-నీళ్ల ఛానల్ చాలా స్కోపుల్లో బ్రష్ దూరనంత సన్నం. దాన్ని తోమలేం, నీళ్లు కొట్టి కడగడం ఒక్కటే దారి. రక్తం పచ్చిగా ఉన్నప్పుడు నీటి ధారకు కొట్టుకుపోతుంది. ఎండి అంటుకున్నాక దాన్ని తోమి తీయడానికి అక్కడ బ్రష్ కూడా లేదు.

ఇక స్కోప్‌ను మెషీన్ నుంచి విప్పి, మోడల్‌కు వాటర్‌ప్రూఫ్ క్యాప్ ఉంటే బిగించి, మూత ఉన్న గట్టి ట్రేలో పెట్టి, వాడినది అని తెలిసే లేబుల్‌తో కడిగే గదికి పంపండి. చేతిలో వేలాడేసుకుని వరండాలో నడవొద్దు. ట్రే మీద కేసు ముగిసిన టైమ్ రాయండి. మామూలుగా గంటలోపు చేత్తో కడగడం మొదలవ్వాలి. గంట దాటిందంటే మామూలు పద్ధతి చాలదు. అలాంటి స్కోప్‌కు ఎక్కువసేపు నానబెట్టే ప్రత్యేక పద్ధతిని తయారీదారు వేరుగా ఇస్తాడు, అది పాటించాలి. రాత్రి ఎమర్జెన్సీ కేసు అయ్యాక "పొద్దున్న చూద్దాం" అని స్కోప్‌ను సింక్‌లో వదిలేసి పోయే అలవాటు ఉన్న చోట్ల బయోఫిల్మ్ పుట్టడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. బ్యాక్టీరియా తన చుట్టూ తానే అల్లుకునే జిగురు పొర అది. ఒకసారి గోడకు పట్టిందంటే మందు దాన్ని దాటి లోపలికి వెళ్లడం కష్టం.

లీక్ టెస్ట్

స్కోప్‌ను పూర్తిగా ముంచే ముందు ఇది చేయాల్సిందే, ప్రతి కేసు తర్వాతా. బయాప్సీ ఫోర్సెప్స్ (ముక్క తీసే సన్న పటకారు) ఛానల్‌ను లోపల గీరి చిల్లు చేయొచ్చు, రోగి పళ్లు కొస దగ్గరి రబ్బరును కొరకొచ్చు. చిల్లు పడ్డ స్కోప్‌లో మురికినీళ్లు తొడుగుకూ ఛానల్‌కూ మధ్యనున్న ఖాళీలోకి పోతాయి. అక్కడికి బ్రష్ పోదు, గాలి పోదు. ఎలక్ట్రానిక్స్ పాడై రిపేరుకయ్యే ఖర్చు సంగతి సరేసరి.

వాల్వులన్నీ తీసేయండి. టెస్టర్ తగిలించి గాలి నింపండి. కొస దగ్గర వంగే భాగం మీది రబ్బరు కాస్త ఉబ్బితే లోపలికి గాలి పోతున్నట్టు. అప్పుడు డిటర్జెంట్ కలపని శుభ్రమైన నీళ్లలో ముంచండి. నురగ ఉంటే బుడగలు కనపడవు. సిరంజితో ఛానళ్లలోకి నీళ్లు కొట్టి లోపల చిక్కుకున్న గాలిని తరిమేయండి, లేకపోతే ఆ బుడగల్ని చూసి లీక్ అనుకుంటారు. ఇప్పుడు నాబ్‌లు తిప్పి కొసను నాలుగు దిక్కులా వంచండి, బటన్లు ఒక్కొక్కటీ నొక్కండి. నిటారుగా ఉన్నప్పుడు మూసుకుపోయి, వంచినప్పుడే తెరుచుకునే చిల్లులు ఉంటాయి. ఒకే చోట్నుంచి ఆగకుండా బుడగలు వస్తే లీకే.

తీసేటప్పుడు వరస మారకూడదు: ముందు స్కోప్‌ను నీళ్లలోంచి బయటికి, తర్వాత గాలి ఆపి ప్రెషర్ పోనివ్వడం, ఆఖర్న టెస్టర్ విప్పడం. నీళ్లలోనే విప్పితే నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. లీక్ కనబడితే ఆ స్కోప్‌ను పక్కన పెట్టి ట్యాగ్ వేయండి, పై అధికారికి చెప్పండి, లీకున్న స్కోప్‌కు తయారీదారు చెప్పిన పద్ధతి పాటించండి. "ఈ ఒక్క కేసు కానిచ్చి పంపుదాం" అనే మాట వినపడితే ఒప్పుకోకండి.

బ్రష్

ఇక అసలు పని. ప్రతి స్కోప్‌కూ కొత్తగా ఎంజైమాటిక్ డిటర్జెంట్ (రక్తం, జిగురును విడగొట్టే ఎంజైములున్నది) ద్రావణం కలపండి. కొలగిన్నెతో నీళ్లు, కొలమూతతో డిటర్జెంట్. చేతి అంచనాతో గుప్పున పోయొద్దు. పలచనైతే పని చేయదు, చిక్కనైతే ఛానల్లోంచి కడిగినా పోదు. నీళ్ల వేడి కూడా లేబుల్ చెప్పినంతే ఉండాలి, మరీ వేడైతే రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి గోడకు అంటుకుంటుంది. ఒక స్కోప్ కడిగిన ద్రావణంలో రెండో స్కోప్ ముంచితే మొదటి రోగి మురికిని రెండో స్కోప్‌కు పూసినట్టే.

స్కోప్ మొత్తం మునిగి ఉండగానే బ్రష్ చేయండి. గాల్లో చేస్తే బ్రష్ బయటికొచ్చిన ప్రతిసారీ మురికి తుంపర్లు మీ మొహం మీదికే.

చాలా మోడళ్లలో మూడు దారులు తోమాలి. సక్షన్ వాల్వ్ కూర్చునే గుంటలోంచి 45 డిగ్రీల వాలుగా పెడితే బ్రష్ కొస దాకా వెళ్తుంది. అదే గుంటలోంచి తిన్నగా పెడితే కనెక్టర్ వైపు పోతుంది. మూడోది బయాప్సీ పోర్ట్. ఆ రెండో దారిని మరిచిపోయేవాళ్లను చాలామందిని చూశాను. రోగి ఒంట్లోకి పోని భాగం కదా అని ఏమరుపాటు. కానీ పీల్చిన మురికంతా సక్షన్ బాటిల్‌కు చేరేది ఆ దారిలోనే.

బ్రష్ అవతలి చివర బయటికి రాగానే వెనక్కి లాగేయకండి. ద్రావణంలోనే వేళ్లతో ఆ కుచ్చును నలిపి, పట్టిన మురికిని వదిలించి, అప్పుడు లాగండి. లేకపోతే బయటికి తెచ్చినదాన్ని మళ్లీ లోపలికి తోసినట్టవుతుంది. ఇలా ఎన్నిసార్లు? అంకె అడగొద్దు. కుచ్చు తెల్లగా వచ్చేదాకా.

తెల్లగా రావడంలో కూడా ఒక మోసం ఉంది. నేను ఈ పనికి కొత్తలో ఒక సాయంత్రం, పెద్దపేగును చూసే కొలనోస్కోప్ కడుగుతూ, బ్రష్ మొదటిసారే తెల్లగా వచ్చిందని సంబరపడ్డాను. పక్కనున్న సీనియర్ సిస్టర్ ఏమీ అనకుండా బ్రష్ కవర్ తిప్పి చూపించారు. జీర్ణాశయాన్ని చూసే గ్యాస్ట్రోస్కోప్‌కు వాడే సన్న బ్రష్ అది. కొలనోస్కోప్ ఛానల్ దానికంటే వెడల్పు. కుచ్చు గోడను తాకకుండానే, ఖాళీ వరండాలో మనిషి నడిచినట్టు మధ్యలోంచి వెళ్లొచ్చింది. సరైన సైజు బ్రష్ పెట్టాక గోధుమరంగు నీళ్లు ఎలా వచ్చాయో ఇప్పటికీ గుర్తు. అప్పట్నుంచి కవర్ మీది సైజు, స్కోప్ ఛానల్ సైజు రెండూ గట్టిగా చదివాకే చించుతాను. ఒకసారి వాడి పారేసే బ్రష్‌లైతే మేలు. మళ్లీ వాడేవైతే ప్రతి స్కోప్ తర్వాతా వాటినీ శుభ్రం చేసి డిసిన్ఫెక్ట్ చేయాలి. కుచ్చు వంగినా, తీగ మెలిపడినా పారేయాలి.

వాల్వులను వదలకండి. బటన్ నొక్కుతూ, వదులుతూ లోపలి రంధ్రాల్లో చిన్న బ్రష్‌తో తోమాలి. ఏ స్కోప్ వాల్వులు ఆ స్కోప్‌కే ఉండాలి. కలిసిపోతే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరికి ఏం వాడారో తేలదు.

తోమడం అయ్యాక అన్ని ఛానళ్లలోకీ డిటర్జెంట్ పంపి, లేబుల్ చెప్పినంతసేపు నానబెట్టండి. తర్వాత శుభ్రమైన నీళ్లతో డిటర్జెంట్ పూర్తిగా పోయేదాకా కడిగి, ఛానళ్లలోకి గాలి కొట్టి నీళ్లు తరిమేయండి. ఈ నీళ్లు మిగిలితే తర్వాతి టబ్బులోని మందు పలచబడుతుంది.

ఎలివేటర్ ఉన్న స్కోప్ అయితే

ఈఆర్‌సీపీకి, అంటే నోటి గుండా వెళ్లి పిత్తనాళాలను చూసి చేసే చికిత్సకు, వాడే డుయోడినోస్కోప్ కొసలో, పరికరాలను పైకెత్తడానికి ఒక చిన్న మీట ఉంటుంది. అదే ఎలివేటర్. దాని వెనక సందు మన గోటికి కూడా అందదు. 2012 నుంచి 2014 దాకా సియాటిల్‌లోని ఒక ఆసుపత్రిలో, 2014-15లో లాస్ ఏంజెలెస్‌లోని మరో ఆసుపత్రిలో చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా ఈ స్కోపుల ద్వారా ఒక రోగి నుంచి ఇంకో రోగికి పాకింది. కొందరు చనిపోయారు. తయారీదారు చెప్పినట్టే కడిగినా పాకిందన్నది అందులో భయపెట్టే సంగతి. 2015 ఫిబ్రవరిలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, ఈ స్కోపుల నిర్మాణమే కడగడానికి అడ్డొస్తోందని హెచ్చరించింది. 2019 ఆగస్టులో, వాడి పారేసే భాగాలున్న మోడళ్లకు మారమని సలహా ఇచ్చింది.

మీ దగ్గర కొత్త మోడళ్లు ఉంటే ఊడివచ్చే క్యాప్ తీసి పారేసి, కింది భాగాన్ని విడిగా కడగండి. పాత మోడల్ అయితే ఓపికే మందు. ఎలివేటర్‌ను పూర్తిగా పైకెత్తి వెనకవైపు, పూర్తిగా కిందికి దించి ముందువైపు, దానికని ఇచ్చిన చిన్న బ్రష్‌తో తోమండి. సందులోకి సిరంజితో ద్రావణం కొట్టండి. ద్రావణంలో ముంచే ఉంచి మీటను పైకీ కిందికీ పలుమార్లు ఆడించండి. బయటికి తీశాక మంచి లైటు కింద భూతద్దంతో రెండు స్థితుల్లోనూ చూడండి. చిన్న మరక కనపడినా మళ్లీ మొదట్నుంచి.

భూతద్దం అన్ని స్కోపులకూ పనికొస్తుంది. ఛానల్ లోపల చూసే సన్న కెమెరా, బోరోస్కోప్, మీ యూనిట్లో ఉంటే వాడండి. బయట మెరిసే స్కోప్ లోపల గీతలు, పీచులు, నీటి చుక్కలు చూశాక ఎవరికీ ఇక చెప్పక్కర్లేదు. కడగడం సరిపోయిందో లేదో రెండు మూడు నిమిషాల్లో అంకె చూపే ఏటీపీ పరీక్ష (మిగిలిన జీవకణాల ఆనవాలును కొలిచేది) ఉంటే ఈ దశలోనే, మందులో ముంచకముందే చేయండి. ఫెయిలైతే వెనక్కి, బ్రష్ దగ్గరికి.

డిసిన్ఫెక్షన్

ఇక్కడ చేయి తక్కువ, గడియారం ఎక్కువ. 2 శాతం గ్లూటరాల్డిహైడ్, 0.55 శాతం ఓపీఏ (ఆర్థోథాలాల్డిహైడ్), పెరాసిటిక్ యాసిడ్ ఎక్కువగా వాడే మందులు. ఏదైనా లేబుల్ మీది వేడి, సమయం రెండూ కలిపే చదవాలి. ఓపీఏ లేబుళ్లు చేత్తో ముంచే పద్ధతికి 20 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు చెబితే, కొన్ని దేశాల్లో 5 నిమిషాలు అంటాయి. బాగా కడిగిన స్కోప్‌కు 20 డిగ్రీల దగ్గర గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు అన్నది వృత్తి సంఘాలు చాలాకాలంగా చెబుతున్న లెక్క. మీ చేతిలో ఉన్న డబ్బా మీద ఏముందో అదే మీకు శాసనం.

ముంచే ముందు ప్రతిసారీ మందు బలం చూపే టెస్ట్ స్ట్రిప్ పెట్టండి. పదే పదే వాడే మందు రోజురోజుకూ పలచనవుతుంది. ఓపీఏ 0.3 శాతం కంటే తగ్గితే ఇక పని చేయదు. సాధారణంగా 14 రోజుల గడువు రాస్తారు, కానీ ఆ 14 రోజులు గరిష్ఠం మాత్రమే. మూడో రోజే స్ట్రిప్ ఫెయిలైతే మూడో రోజే పారబోయాలి. స్ట్రిప్‌ల సీసా తెరిచిన తేదీ కూడా రాసుకోండి, వాటికీ గడువుంది. స్ట్రిప్ ఎన్ని సెకన్లు ముంచాలో, ఎన్ని సెకన్లకు రంగు చూడాలో గడియారం పెట్టి చేయండి. ఆలస్యంగా చూస్తే రంగు మారిపోయి తప్పుడు భరోసా ఇవ్వొచ్చు.

స్కోప్ మొత్తం, వాల్వులతో సహా మునగాలి. సిరంజితో ప్రతి ఛానల్లోకీ మందు కొట్టి, అవతల్నుంచి బుడగలు ఆగిపోయాకే టైమర్ నొక్కండి. ఛానల్లో ఒక గాలిబుడగ ఉంటే ఆ భాగానికి మందు తగలనట్టే. టబ్బుకు మూత పెట్టండి, గదిలో గాలి బయటికి లాగే ఫ్యాన్ నడవాలి. గ్లూటరాల్డిహైడ్ ఆవిరి కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఓపీఏ ఒక రకంగా నిజం చెప్పే మందు: ప్రొటీన్ మిగిలిన చోట బూడిదరంగు మరక వేస్తుంది. మరక పడిందంటే కడగడం బాగా జరగలేదన్నమాట. మూత్రాశయ కేన్సర్ ఉన్న రోగులకు పదేపదే వాడే సిస్టోస్కోపులకు (మూత్రాశయం లోపల చూసేవి) మాత్రం ఓపీఏ వాడొద్దు, తీవ్రమైన అలెర్జీలు వచ్చిన ఘటనలున్నాయి.

ముంచిన మందును కడిగి వదిలించడంలో పిసినారితనం పనికిరాదు. ఓపీఏకైతే విడివిడిగా మూడుసార్లు, ప్రతిసారీ కొత్త నీళ్లతో, ఛానళ్లతో సహా. గ్లూటరాల్డిహైడ్ మిగిలితే పేగు లోపలి పొర కాలినట్టయి రోగికి రక్తవిరేచనాలు కావొచ్చు. ఇక నీళ్లు: స్టెరైల్ (క్రిములే లేని) నీళ్లో, 0.2 మైక్రాన్ల ఫిల్టర్ దాటిన నీళ్లో వాడండి. మామూలు పంపు నీళ్లలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, క్షయ జాతికి దగ్గరి మైకోబ్యాక్టీరియా ఉండొచ్చు. చంపి, మళ్లీ బతికున్నవాటిని పోసినట్టవుతుంది.

ఆటోమేటిక్ వాషర్ ఉంటే సమయం, వేడి, కడగడం అది చూసుకుంటుంది. చేత్తో బ్రష్ చేయడం తప్పదు. కనెక్టర్లు మీ మోడల్‌కు సరిపడేవేనా, ప్రతి ఛానల్‌కూ తగిలించారా అని చూడండి. తగిలించని ఛానల్లోకి మందు పోదు, అయినా మెషీన్ "పూర్తయింది" అని చూపించొచ్చు. ఫిల్టర్లు గడువుకు మార్చండి. మెషీన్‌లోనే బయోఫిల్మ్ పట్టి, అక్కణ్నుంచి స్కోపులకు అంటిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఆరబెట్టడం

ఇప్పుడు ఆ మిగిలిపోయిన ఒక్క బ్యాక్టీరియా సంగతి. అరగంటకొకసారి రెట్టింపవుతుందనుకుందాం. సాయంత్రం ఎనిమిదికి తడిగా వేలాడదీసిన స్కోప్‌ను పొద్దున్న ఆరింటికి తీస్తే పది గంటలు, అంటే 20 రెట్టింపులు. ఒకటి పది లక్షలు దాటుతుంది. తడి లేకపోతే ఆ లెక్క అసలు మొదలే కాదు. సూడోమోనాస్ లాంటివాటికి కావాల్సింది కాసింత తేమే.

ముందు గాలితో ఛానళ్లలోని నీళ్లు తరిమేయండి. తర్వాత 70 శాతం ఆల్కహాల్ పంపడం చాలా చోట్ల పద్ధతి, అది నీళ్లను వెంటబెట్టుకుని ఆవిరైపోతుంది. కొన్ని దేశాల మార్గదర్శకాలు మాత్రం ఆల్కహాల్ వద్దంటాయి, మిగిలిన ప్రొటీన్‌ను గోడకు అంటిస్తుందని. మీ ఆసుపత్రి విధానం ఏదో అది చేయండి. ఆల్కహాల్ వాడినా వాడకపోయినా గాలికి మినహాయింపు లేదు. వైద్య పరికరాలకు పనికొచ్చేలా వడగట్టిన గాలి, తయారీదారు చెప్పిన ప్రెషర్‌లో, అన్ని ఛానళ్లకూ కలిపి కనీసం 10 నిమిషాలు. సిరంజితో నాలుగుసార్లు గాలి కొట్టి "ఆరింది" అనడం ఆరబెట్టడం కాదు. బయట పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడవండి.

బుడగలు పోవడానికి వాడే సైమెథికోన్ గురించి ఒక్క మాట. నీళ్లలో కరగదు, కడిగాక కూడా ఛానల్లో చుక్కలుగా మిగిలి తేమను పట్టి ఉంచుతుంది. డాక్టర్లతో మాట్లాడి, వాడాల్సి వస్తే వీలైనంత తక్కువ, అదీ బ్రష్ దూరే బయాప్సీ ఛానల్ గుండా ఇవ్వమనండి. నీళ్ల బాటిల్లో కలపొద్దు.

ఎక్కడ పెట్టాలి

నిలువుగా వేలాడదీయండి, వాల్వులు తీసి పక్కనే సంచిలో. గాలి ఆడే, తలుపు మూసే బీరువాలో, ఒకదానికొకటి తగలకుండా, కొస నేలకు ఆనకుండా. స్కోప్ కొన్నప్పుడు వచ్చిన సూట్‌కేసులో మాత్రం పెట్టొద్దు. లోపలి స్పాంజీని డిసిన్ఫెక్ట్ చేయడం కుదరదు, చుట్టి పెట్టిన స్కోప్ ఆరదు. అది రిపేరుకు పంపడానికి మాత్రమే. ట్యాగ్ మీద తేదీ, సమయం, చేసినవాళ్ల పేరు రాయండి. ఎన్ని రోజులు నిల్వ ఉంచొచ్చన్నది మీ యూనిట్ ముందే రాసిపెట్టుకోవాలి, 7 రోజులు చాలాచోట్ల పెట్టుకునే గడువు.

ఫోర్సెప్స్, నీళ్ల బాటిల్

ఎర్ల్ స్పాల్డింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త వైద్య పరికరాలను మూడు తరగతులుగా విడగొట్టాడు. మనకు ఇక్కడ పనికొచ్చేవి రెండు. ఒంటి లోపలి పొరను తాకేవాటికి హై లెవెల్ డిసిన్ఫెక్షన్ చాలు, ఆ పొరను చీల్చేవాటికి క్రిములన్నిటినీ చంపే స్టెరిలైజేషన్ తప్పదు. స్కోప్ మొదటి జాతి. బయాప్సీ ఫోర్సెప్స్, స్నేర్ (కోసి తీసే తీగ ఉచ్చు), సూది రెండో జాతి. వాటిని స్కోప్‌తో పాటు అదే టబ్బులో ముంచి సరిపెట్టకండి. వాడి పారేసేవైతే పారేయండి, కాకపోతే స్టెరిలైజ్ చేయండి. నీళ్ల బాటిల్, దాని గొట్టం రోజుకొకసారైనా స్టెరిలైజ్ అవ్వాలి, లోపల స్టెరైల్ నీళ్లే పోయాలి.

రాతపని

రోగి నంబరు, స్కోప్ సీరియల్ నంబరు, లీక్ టెస్ట్, స్ట్రిప్ ఫలితం, ముంచిన సమయం, చేసినవాళ్ల సంతకం. ఒక పేజీ, ఒక వరస. రేపు ఏదో స్కోప్‌లో సూక్ష్మజీవి పెరిగిందని ల్యాబ్ చెబితే, అది ఎవరెవరికి వాడారో ఈ వరసే చెప్పాలి. స్ట్రిప్ పెట్టడం మరిచిపోయారని మధ్యాహ్నం గుర్తొచ్చినా, బ్రష్ చేయకుండా మెషీన్‌లో పెట్టేశారని తెలిసినా, పుస్తకంలో టిక్ పెట్టి ఊరుకోవద్దు. ఆ స్కోప్‌ను వాడకం నుంచి తీసి ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లకు ఆ గంటలోనే చెప్పండి. చెప్పినవాళ్లను తిట్టే యూనిట్లో రెండోసారి ఎవరూ చెప్పరు, ఇది ఇన్‌ఛార్జులు గుర్తుపెట్టుకోవాలి.

మీ యూనిట్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే రేపు పొద్దున్న మొదటి కేసుకు ముందు ఒక పని చేయండి. బీరువాలోంచి ఏదో ఒక స్కోప్ తీసి, కొసను పొడి టిష్యూ కాగితం మీద పెట్టి, అవతల్నుంచి సిరంజితో శుభ్రమైన గాలి కొట్టండి. కాగితం మీద చుక్క పడితే ఆ స్కోప్ రోగి దగ్గరికి కాదు, మళ్లీ సింక్ దగ్గరికి.